నాలుగడుగుల జాడ

మా అత్త బసమ్మ జీపు కొనడానికి పోయి దాని నోరు తెరిచి పళ్ళు చూడలేదన్న మాటే గానీ, సంతలో ఎడ్లకు చేసే పరీక్షలన్నీ చేసింది. చుట్టూ మూడుసార్లు తిరిగింది. చక్రాన్ని కాలితో తన్నింది. వంగి, దాని కడుపుకూ నేలకూ మధ్య ఎంత ఎత్తుందో జానతో కొలిచింది. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన రేకుల షెడ్డు నడిపే గౌసుద్దీన్ మేస్త్రి, నోట్లో బీడీ ఆరిపోయిన సంగతి కూడా మరిచి ఆమెనే చూస్తున్నాడు.

“ఎన్నేండ్లయింది దీనికి?” అడిగింది అత్త.

“మిలిటరీ వేలంల తెచ్చిన అమ్మా. పదమూడేండ్లు. ఇంజన్ నా చేతుల్తోని విప్పి కట్టిన. ఫికర్ చెయ్యకు.”

“పదమూడేండ్ల ఎద్దును ఎవడన్న కొంటడా?”

“ఎద్దు కాదమ్మా, ఏనుగు. ఏనుగుకు పదమూడంటే ఇంక పిల్లతనమే.”

అత్త నవ్వలేదు. నా వైపు తిరిగి, “మాటలు మంచిగనే చెప్తడు. ఎడ్ల సంతల బ్యారగాళ్ళు గూడ గిట్లనే చెప్తరు” అంది.

మా ఆయన అమర్నాథ్ రెండడుగుల దూరంలో నిలబడి రోడ్డు మీద పోయే లారీలు లెక్కపెడుతున్నాడు. పచ్చరంగు వెలిసిన ఆ పాత జీపు మీద ఆయనకు చూపే లేదు. ఆయన మనసంతా అదే పట్నంలో ఒక ఏజెంటు చూపించిన కొత్త డీజిల్ జీపు మీద ఉంది. దాన్ని కొని బీదర్ రోడ్డు మీద మనుషులను తిప్పాలి, జహీరాబాద్‌లో ఇల్లు తీసుకోవాలి, వాగు అవతలి భూమిని అమ్మేయాలి. మూడూ ఒకే ముడిలో ఉన్న మాటలు.

వాగు అవతల మాకు పన్నెండెకరాల నల్లరేగడి ఉంది. ఝరాసంగం చుట్టుపక్కల అంత లోతైన మన్ను ఇంకెక్కడా లేదని మా మామ బతికున్నప్పుడు చెప్పేవాడు. మన్ను ఎంత మంచిదో, వాన పడితే అంత చెడ్డది. వాగుదేమీ లేదు, అడుగున బండరాయి, మోకాలి లోతు నీళ్ళలో దాటొచ్చు. కష్టమంతా వాగు దాటి వచ్చాక ఊరి దాకా ఉన్న బండిబాట. ముందటేడు సెప్టెంబరులో అల్లానికి కుళ్ళు తగిలినప్పుడు తవ్విన దుంపను ఆ బాట మీద తేలేకపోయాం. బండ్లు ఇరుసు దాకా దిగబడ్డాయి. గట్టు మీద పోసిన అల్లం గట్టు మీదే మురిగిపోయింది. బాటకు రెండు పక్కలా భూమి రేవణసిద్ధప్పది. మా మామకు వరసకు తమ్ముడు. అవతల కూడా మా పన్నెండెకరాలను ఆనుకొని ఆయనకు ఎనిమిది ఉన్నాయి. ఆ ఎనిమిదీ ఈ పన్నెండూ కలిపి ఒక్క చెక్క చేసుకోవాలని ఆయన కోరిక. ఎనభై మూడో సంవత్సరం ఉగాది పోయిన వారానికే అమ్మకం కాగితం రాయించుకొని ఇంటికి వచ్చాడు.

భూమి అత్త పేరు మీద ఉంది. ఆమె కాగితం వైపు చూడకుండానే చెప్పింది: “ఒక్క వానకాలం చూద్దాం రేవణసిద్ధప్పా. ఈ ఏడు అల్లం బయటికొస్తే భూమి నాది. రాకపోతే దసరా నాడు నేనే వచ్చి కాగితం మీద నిశాని పెడత.”

“మాటనేనా వదినె?”

“నేనెప్పుడన్న మాట మింగిన్నా?”

ఇదీ మేము జీపు వెతుక్కుంటూ జహీరాబాద్ వచ్చిన కథ.

“రెండూ మా భూమికి రావాలె,” అంది అత్త, షెడ్డులో నుంచి కదులుతూ. “నీదీ, ఆ కొత్తదీ. వాన పడ్డ మరునాడు. ఎండల అన్ని ఎడ్లూ గుంజుతయి.”

భరణి కార్తెలో ఒక సాయంత్రం వడగళ్ళతో వాన కొట్టింది. తెల్లారి రెండు జీపులూ మా ఊళ్ళో ఉన్నాయి. ఊరు ఊరంతా బాట పక్కన గట్టు మీద కూచుంది.

మా వైపు బండిబాటకు ఒక కట్టుబాటు ఉంది. చక్రం జాడలో నడిచినంతసేపూ ఆ బాట బండి గలవాడిది. జాడ దాటి పక్క చేనులో పడితే దండుగ కట్టాలి. ఆ బాట మీద పార, గునపం పెట్టే హక్కు భూమి గలవాడికే గానీ బండి గలవాడికి లేదు. తాతల నాటి నుంచి ఎవరూ దీన్ని కాగితం మీద రాయలేదు, ఎవరూ దాటలేదు.

కొత్త జీపు ముందు బయలుదేరింది. దాని బలమంతా వెనక రెండు చక్రాలకే. ఇరవై గజాలు దర్జాగా పోయింది. బురద లోతు కాగానే వెనక భాగం చేపతోకలా ఇటూ అటూ ఊగి, జాడ దాటి, రేవణసిద్ధప్ప పల్లీ చేనులో పడింది. ఏజెంటు పంపిన డ్రైవరు ఇంకా గట్టిగా తొక్కాడు. అది ఇంకో మూడు సాళ్ళు తొక్కి, వెనక్కి తిరిగి ఊరి వైపు మూతి పెట్టి ఆగింది.

“ఇంటికి పోతనంటున్నది,” అని గట్టు మీద నుంచి ఎవరో అన్నారు.

తరువాత గౌసుద్దీన్ పాత జీపు ఎక్కాడు. దానికి ముందు గేరు ఉంది; వేస్తే నాలుగు చక్రాలూ గుంజుతాయి. అది పక్కకు పోలేదు. ఎడమ చక్రాలు ఎడమ జాడలో దిగాయి. కుడి చక్రాలు మాత్రం కుడి జాడను అందుకోలేక రెండు జాడల నడిమి దిబ్బ మీదే పోయాయి. జీపు కుంటి గొడ్డులా ఒక పక్కకు ఒరిగి ఒరిగి నడిచి, వంద గజాలు పోయాక దిబ్బకు కడుపు తగిలి కూర్చుంది. చక్రాలు గాలిలో తిరిగినట్టు తిరిగాయి. బురద గౌసుద్దీన్ గడ్డం దాకా ఎగిరింది.

మా బండి తోలే మాణిక్ ఎడ్లను తెచ్చి కట్టి వెనక్కి గుంజాడు. రేవణసిద్ధప్ప తలగుడ్డ సవరించుకుంటూ వచ్చాడు.

“వదినె, ఒక్క మాట అడుగుత. ఎడ్లను గుంజే జీపు కొంటున్నవా, ఎడ్లు గుంజే జీపు కొంటున్నవా?”

గట్టు మీద నవ్వులు. అమర్నాథ్ ముఖం నల్లబడింది. అత్త జాడలోకి దిగి, పాత జీపు పోయిన గుర్తులు చూస్తూ నడిచింది. నేనూ వెంట నడిచాను. మాణిక్ నా పక్కనే గొణిగాడు: “ఎట్ల పోతదక్కా? బండికి అయిదడుగుల జాడ. దీనికి చూడబోతే నాలుగే ఉన్నట్టున్నది.”

నేను అతని చేతిలోని పలుపు తీసుకొని కొలిచాను. కాలేజీలో చదివిన బీయెస్సీ ఆ రోజు దాకా నాకు ఆ ఊళ్ళో ఎందుకూ పనికిరాలేదు. బండి చక్రాల మధ్య అయిదడుగులు. రెండు జీపులకూ నాలుగే.

ఆ మధ్యాహ్నమే రేవణసిద్ధప్ప పెద్దమనుషులను కూచోబెట్టాడు. పల్లీ చేనుకు దండుగ ఏజెంటు కట్టిపోయాడు, అది సమస్య కాదు. “ఇది బండిబాట. జీపుబాట అని ఎవ్వరన్న ఎన్నడన్న అన్నరా? ఇగ మీద జీపు రావద్దు,” అన్నాడు. పెద్దమనుషులు ముగ్గురూ చాలాసేపు తమలో తాము మాట్లాడుకున్నారు. చివరికి పెద్దాయన చెప్పాడు: “ఎడ్లు గుంజినా, ఇంజన్ గుంజినా మాకు సంబంధం లేదు. జాడల పోతే అది బండే. జాడ తప్పితే దండుగ. ఇంతే.”

రేవణసిద్ధప్ప సంతోషంగానే లేచాడు. నాలుగడుగుల జీపు అయిదడుగుల జాడలో ఎట్లా పోతుంది? పోదు. ఆ సంగతి పొద్దున ఊరంతా చూసింది.

రాత్రి అన్నాలు తింటుండగా అమర్నాథ్ మొదలుపెట్టాడు. “చూసినవు గద అవ్వా. ఏ జీపైనా అంతే. ఇగ ఆ భూమి పేరు ఇడిసిపెట్టు. కొత్త జీపు కొందాం. తారు రోడ్డు మీద తోలుకుంట మంచిగ బతుకుదాం.”

అత్త జొన్నరొట్టె ముక్క పప్పులో అద్దుతూ నన్నడిగింది: “ఏమే, జీపు ఇరుసు పెంచొచ్చునా?”

“పెంచలేం అత్తమ్మా.”

“బండి ఇరుసు?”

నేను తినడం ఆపాను. అమర్నాథ్ కూడా ఆపాడు.

“బండి ఇరుసు కోయొచ్చు,” అన్నాను.

“అయితే జీపును ఎందుకు తిడుతున్నరు? జాడను చేసింది బండి. బండిని ఇరుకు చేస్తే జాడ ఇరుకయితది. రెండు బండ్లున్నయి మనకు. రేపు కమ్మరి దగ్గరికి తోలుకపో.”

“ఊరంత నవ్వుతరు అవ్వా!” అన్నాడు అమర్నాథ్.

“నవ్వితే మన జాడ పూడుతదా? ఇంకోమాట. ఆ పాత జీపే తీసుకుందాం.”

“ఇరుక్కున్నదే!”

“ఇరుక్కున్నది, గని జాడ తప్పలె. కొత్తది జాడ తప్పింది. ఇరుక్కున్నదాన్ని గుంజుకోవచ్చు కొడుకా. జాడ తప్పినదాన్ని ఎట్ల నమ్ముతవు?”

అమర్నాథ్ చేయి కడుక్కొని లేచాడు. “ఆ డబ్బాను నేను ముట్ట,” అన్నాడు. పొద్దున బస్సుకే జహీరాబాద్ పోయి, అక్కడ అల్లం మండీలో తెలిసిన వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. నాతో పోట్లాడలేదు. రమ్మనీ అనలేదు. నేను ఎటు నిలబడతానో చూడాలనుకున్నాడేమో. నేను కమ్మరి దగ్గర నిలబడ్డాను.

పాత జీపు కొన్నాం, ఇరుసులు కోయించాం, బండ్ల పెట్టెలు ఇరుకు చేయించాం. నాలుగడుగుల బండ్లు ఊరి నడుమ పోతుంటే ఆడవాళ్ళు నీళ్ళబిందెలు దించి మరీ నవ్వారు. “బసమ్మ బండ్లు ఎండకు ఎండి చిన్నగయినయా?” అని ఒకావిడ, “పొయ్యిల కట్టెలు లేక ఇరుసు కోసుకున్నరట” అని ఒకావిడ. మాణిక్ సిగ్గుతో తల ఎత్తేవాడు కాదు. “ముప్ఫై ఏండ్ల సంది బండి తోలుతున్న, ఇసొంటి బండి తోల్తననుకోలె” అని నాతో అనేవాడు.

పని కష్టమైనదే. ఎడమ చక్రం పాత ఎడమ జాడలోనే ఉండాలి. కుడి చక్రం అడుగు లోపలికి, దిబ్బ మీద కొత్త జాడ కోయాలి. ఎడ్లు ఊరుకుంటాయా? వాటి కాళ్ళకు పాత బాట తెలుసు. కుడి ఎద్దును మాణిక్ ముక్కుతాడు పట్టుకొని రోజంతా ముందు నడిపించేవాడు. బండి నిండా రాళ్ళు. పోవడం, వాగు దాటడం, రావడం. రోజుకు ఎనిమిది తిరుగుళ్ళు. నెల తిరిగేసరికి కొత్త జాడ గుర్తు పడింది. జూన్‌లో మిరుగు వానలు మొదలయ్యాక చక్రాల ఇనుప పట్టాలు తడిమన్నును తొక్కి తొక్కి అడుగును రాయిలా చేశాయి.

మిగిలింది నడిమి దిబ్బ. దాన్ని చెక్కకపోతే జీపు కడుపు మళ్ళీ తగులుతుంది. పార పెట్టే హక్కు లేదు. అత్త రెండు రోజులు బాట పొడుగునా నడిచి దిబ్బను చూసింది. మూడో రోజు మాణిక్‌తో బండి కింద గుంటక కట్టించింది, దాని ఇనుప పాస అంచు దిబ్బకు తగిలేటట్టు. బండి నడిచినకొద్దీ దిబ్బ పైమన్ను పెచ్చుపెచ్చుగా లేచి పక్కకు దొర్లి, పాత కుడి జాడలో పడుతోంది.

రేవణసిద్ధప్ప పరుగున వచ్చాడు. “వదినె! ఇదేంది? బాట చెక్కుతున్నవా?”

“పార పెట్టిన్నా?”

“గుంటక పెట్టినవు!”

“గుంటక ఎవరు పెట్టిన్రు? బండికి కట్టుకొని పొలానికి కొంచవోతున్న. పొలం పోయెటోళ్ళు గుంటక తీస్కపోవద్దా?”

“నెత్తి మీద పెట్టుకొని పో!”

“ముసలిదాన్ని. నెత్తి మీద మోస్తనా? ఎవరన్న వింటే నిన్నే అంటరు, వదినెతోని గుంటక మోపించిండని.”

ఆయన పెద్దమనుషుల దగ్గరికి పోయాడు. బండి కింద ఏం కట్టుకోవాలో, ఏం కట్టుకోకూడదో కట్టుబాటులో లేదని వాళ్ళు నవ్వాపుకుంటూ చెప్పి పంపారు.

ఆ నెలల్లోనే నేను తోలడం నేర్చుకున్నాను. మాణిక్‌కు ఎడ్లు తప్ప రావు, అమర్నాథ్ రాడు, ఇక మిగిలింది నేను. వారానికి రెండుసార్లు గౌసుద్దీన్ బస్సు దిగి వచ్చేవాడు. మొదటి రోజు నా చేతులు చూసి తల పట్టుకున్నాడు. “స్టీరింగ్ గొంతు పిసుకుతున్నవు బేటీ. వదులు. జాడే తీసుకపోతది. నువ్వు ఉట్టిగ చెయ్యి పెట్టి కూచో. బురదల బండి కొంచెం అటిటు అంటది, అననియ్యి. నువ్వు భయపడి తిప్పినవనుకో, గప్పుడు దిగుతది చేనులకు.”

చెప్పినంత తేలిక కాదు. తిప్పకుండా ఉండడం తిప్పడం కంటే కష్టం.

ఉత్తర కార్తె చివర్న ముసురు పట్టింది. నాలుగు రోజులు ఆకాశం కనిపించలేదు. అయిదో రోజు పొద్దున మాణిక్ అల్లం మొక్క ఒకటి పీక్కొచ్చి అరుగు మీద పెట్టాడు. ఆకు కొన పసుపు. మొదలు దగ్గర గిల్లితే నీళ్ళు, కంపు.

“ఎంత మేర?” అడిగింది అత్త.

“ఒక మూలకే ఉన్నది. మూడు దినాలల్ల మడులన్నీ అంటుకుంటది.”

మూడెకరాల అల్లం. కూలీలు గొంగళ్ళు కప్పుకొని తవ్వడం మొదలుపెట్టారు. నేను ముందు గేరు వేసి, జీపుతో పాటే కొన్న మిలిటరీ చిన్న ట్రాలీ వెనక తగిలించుకొని బయలుదేరాను. ట్రాలీ కూడా నాలుగడుగులదే. పక్క సీట్లో అత్త, తల మీద గొంగడి, చేతిలో ఏమీ లేదు, ముందుకే చూపు.

పోవడం ఖాళీగా పోయాను కాబట్టి తెలియలేదు. వచ్చేటప్పుడు ఎనిమిది బస్తాలు. గట్టు మీద రేవణసిద్ధప్ప గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆయన చూపు నా ముఖం మీద లేదు, చక్రాల మీద ఉంది. బాట వంపు తిరిగే చోట కుడి ముందు చక్రం జాడ అంచు మీదికి ఎక్కింది. జీపు పక్కకు ఒరిగింది. నా చేతులు బిగిశాయి.

అత్త నా వైపు చూడలేదు. “నీళ్ళు తాగుతవా?” అంది, ఇంట్లో కూచున్నట్టు.

చేతులు వదులు చేశాను. చక్రం అంచు మీద నాలుగు గజాలు నడిచి, మెల్లగా కిందికి జారి, జాడలో పడింది. అంతే. ఊళ్ళోకి వచ్చి బస్తాలు దించి, మళ్ళీ జీపు తిప్పాను.

ఆ రోజు అయిదు తిరుగుళ్ళు. రెండో రోజు మధ్యాహ్నం జహీరాబాద్ నుంచి మండీ లారీ వచ్చింది. క్యాబిన్‌లో నుంచి అమర్నాథ్ దిగాడు. నేను బురదలో మునిగిన చీరతో స్టీరింగ్ వెనక ఉన్నాను. ఆయన నన్నూ, జీపునూ, పోసిన అల్లాన్నీ చూశాడు. కుప్పలోంచి ఒక దుంప తీసి విరిచి వాసన చూశాడు. గట్టిగా, మంచిగా ఉంది.

“ఇంక ఎంతున్నది?” అన్నాడు.

“సగం.”

చొక్కా విప్పి లారీలో పడేసి, బస్తాలు ఎత్తడానికి వచ్చాడు.

మూడో రోజు సాయంత్రానికి మా అల్లం అయిపోయింది. చివరి బస్తాలతో ఊళ్ళోకి రాగానే రేవణసిద్ధప్ప ఎదురొచ్చాడు. గొడుగు లేదు. తలగుడ్డ తడిసి ముఖానికి అంటుకుంది. పొద్దుటి నుంచి ఆయన బండ్లు వాగు ఒడ్డునే ఉన్నాయని మాకు తెలుసు. పాత కుడి జాడ పూడిపోయింది. ఆయన అయిదడుగుల బండ్లు అక్కడికి రాగానే మెత్తటి మన్నులో కూలబడుతున్నాయి. ముందటేడు నాలుగు జతల ఎడ్లు కట్టి గుంజించుకున్న మనిషి, ఈసారి ఆరు జతలు కట్టినా బండిని కదిలించలేకపోయాడు.

“వదినె,” అన్నాడు. తడిసిన తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

“చెప్పు రేవణసిద్ధప్పా.”

“నాది రెండెకరాల అల్లం. గట్టు మీద పోసిన్రు. వానల తడుస్తున్నది.”

ముందటేడు మా అల్లం కూడా అట్లాగే తడిసింది. అత్త ఆ మాట అనొచ్చు. అంటుందనే అనుకున్నాను. ఆమె కొడుకు వైపు చూసింది. “ఏమంటవ్ అమర్నాథ్? జీపు నీదే. భూమీ నీదే. నువ్వే చెప్పు.”

అమర్నాథ్ కాసేపు బురద చేతులు తుడుచుకున్నాడు. రేవణసిద్ధప్పను చూడలేదు. నా దగ్గరికి వచ్చి, “పెట్రోలు ఉన్నదా?” అన్నాడు.

“రెండు తిరుగుళ్ళకు వస్తది.”

“పోదాం పా.”

అత్త దిగి కొడుక్కు చోటిచ్చింది. నేను స్టీరింగ్ ఇవ్వబోయాను. వద్దన్నట్టు తల ఊపి పక్క సీట్లో ఎక్కి కూచున్నాడు. వంపు దగ్గరికి వచ్చేసరికి ముందుకు వంగి, “కుడి జాడ జర కుంగింది. మెల్లగ,” అన్నాడు. మే నెలలో ఆ బాట పేరెత్తితే లేచిపోయిన మనిషి.

దసరా నాడు రేవణసిద్ధప్ప జమ్మి ఆకు ఇవ్వడానికి వచ్చాడు. కాగితం తేలేదు. అత్త కాళ్ళు మొక్కి, చాయ తాగి, లేచేటప్పుడు గడప దగ్గర ఆగి, కొంచెం గొంతు తగ్గించి, ఇరుసు కోసిన కమ్మరి ఒక్క బండికి ఎన్ని రోజులు తీసుకున్నాడని మాణిక్‌ను అడిగాడు.

ఆ తరువాతి ఎండాకాలం, పాత బండ్లు కొత్త జాడలో పట్టక, ఇరుసులు కోసి కోసి మా ఊరి కొలిమి చల్లారలేదు. ఇప్పుడు మా ఊరి బండ్లన్నీ చుట్టుపక్కల ఊళ్ళ బండ్ల కంటే అడుగు ఇరుకు. న్యాల్‌కల్ సంతకు పోతే జనం మూగుతారు. మీ బండ్లకేమయిందని నవ్వుతారు. కొత్తగా వచ్చిన కోడళ్ళకు ముఖం చెల్లదు. ఒకసారి అత్త నాతో పాటు సంతకు వచ్చినప్పుడు కూడా ఎవడో అట్లాగే అడిగాడు. ఆమె ఎడ్ల నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది:

“మాకు వాగు అవతల భూమున్నది నాయనా.”